వరస లేని ఒడ్డాణం

నమోదు 1

గోడా, వింటున్నావా? ఎర్ర దీపం వెలిగింది కాబట్టి వింటున్నట్టే. సరే, రాసుకో.

నా పేరు మైలపల్లి సన్యాసిరావు. పీపాలవలసలో తాళ్ల మేస్త్రీగా చేసి దిగిపోయినవాణ్ణి. మా ఊరి ఇళ్లన్నీ సముద్రం మీద పీపాలెక్కి తేలుతుంటాయి. ఒక ఇంటిని ఇంకో ఇంటికి కట్టే తాళ్లని పోటు వచ్చినప్పుడు వదులు చెయ్యాలి, ఆటు వచ్చినప్పుడు బిగించాలి. బతుకంతా ఆ పనే చేశాను. ఇప్పుడు చేతులు వణుకుతాయి, కళ్లు మసక. అందుకే నేను చెబుతుంటే ఇంటి గోడ రాసుకుంటుంది. నేను చెప్పేది మా ఊరి మాటల్లోనే. గోడకి అది నచ్చదు, చదువుకున్నవాళ్ల తెలుగులోకి దిద్దేస్తుంది. మిగతావాళ్లు అన్న మాటలు, వాళ్లతో నేనన్నవీ మాత్రం ఉన్నవి ఉన్నట్టు ఉంచమని దాన్ని బతిమాలుకున్నాను.

ఇదంతా ఆసుపత్రి వాళ్ల కోసం. నాకు షుగరు. ఇన్నేళ్లూ నా ఇన్సులిన్ సూది నా పెళ్లాం నూకరత్నం చేతిమీదుగానే పడింది. మందు పెన్ను మీద అంకెలు నాకు కనబడవు. కనబడినా చెయ్యి నిలవదు. నిలిచినా సూది మొన చూస్తే కళ్లు తిరుగుతాయి. పెద్ద అలల్లో తాళ్లు పట్టుకుని వేలాడినవాణ్ణి, వెంట్రుకంత సూదికి భయపడతానంటే నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి. రత్నం వచ్చి "ఇదిగో, సొక్కా ఎత్తు" అనేది. ఎత్తేవాణ్ణి. అయిపోయేది.

ఇప్పుడు రత్నానికి జలనావ మీద సరంగు ఉద్యోగం వచ్చింది. మంచినీళ్లు మోసే ఆ నావ బయటి దీవులన్నీ తిరిగి, వానలు వెనకబట్టాక గాని రాదు. దాని చుక్కాని పట్టుకోవాలని ఆవిడకి పిల్లప్పటి నుంచీ పిచ్చి. అదే నావ అడుగున నాచు గీకింది, గొట్టాలు కడిగింది, వంటపని చేసింది. ఇన్నాళ్లకి పిలిచి చుక్కాని చేతికిచ్చారు. వద్దనడానికి నేనెవణ్ణి? వద్దనాలని మాత్రం మహా ఇదిగా ఉంది.

ఆవిడ బదులు నాకొక పట్టీ ఇచ్చారు. నడుముకి కట్టుకుంటే ఒంట్లో షుగరెంతో అదే చూసుకుంటుంది, ఎంత మందు కావాలో అదే లెక్క కట్టుకుంటుంది, సూది కంటికి కనబడకుండా అదే దించుతుంది. ఆసుపత్రి వాళ్లు దానికి ఏదో పెద్ద పేరు పెట్టారు గాని, ఊళ్లో ఆడా మగా అందరూ ఒడ్డాణమనే అంటారు. పెళ్లికి రత్నానికి ఒడ్డాణం పెట్టలేకపోయాను. చివరికి నాకు పెట్టారు.

దీనితో ఒకటే చిక్కు. మనిషి నోటితో "సరే" అంటే గాని ఏ యంత్రమూ ఒంట్లో సూది దించకూడదని చట్టం. అంటే ఒడ్డాణం మనల్ని ఒప్పించాలి. ముక్కూ మొహం తెలియని గొంతు చెబితే పీపాలవలసలో ఎవడు వింటాడు? అందుకని వాళ్లు వరస కలిపే ఏర్పాటు పెట్టారు. కట్టుకునేముందే అది మనకి తమ్ముడో, మేనత్తో, బావో చెప్పాలి. ఆ వరసలోనే పిలుస్తుంది, ఆ వరసకి తగ్గట్టే మసులుకుంటుంది.

ఆసుపత్రి డాక్టరు మృదుల గారు కొండవైపు నుంచి వచ్చిన మనిషి. ఆవిడ నన్ను కూర్చోబెట్టి చెప్పారు.

"సన్యాసిరావు గారూ, ఒంటరిగా ఉండేవాళ్లు రెండుసార్లు షుగరు పడిపోయి స్పృహ తప్పితే ఇంటి మనిషిని వెనక్కి పిలిపిస్తాం. అది నియమం. అంటే నూకరత్నం గారు నావ దిగి రావాలి. ఒకసారి దిగితే ఆ చుక్కాని ఇంకొకరికి పోతుంది. ఆలోచించుకుని వరస పెట్టుకోండి."

నేను బాగా ఆలోచించి తమ్ముణ్ణి పెట్టుకున్నాను.

రేవులో రత్నం నావ ఎక్కుతూ "ఇదిగో, యేళకి తిను" అంది. ఊరంతా చూస్తోంది కాబట్టి అంతకు మించి ఏమీ అనలేదు. చూడకపోయినా అనేది కాదు. పెళ్లయిన దగ్గర నుంచీ ఆవిడ నన్ను పేరుతో పిలవలేదు, మావా అనలేదు, ఏవండీ అనలేదు. ఇదిగో. అదే నా పేరు.

నమోదు 2

తమ్ముడు బంగారం.

"అన్నయ్యా, షుగరు రెండొందల డెబ్బై ఉన్నాది. సూదేద్దామా?"

"ఉండరా, టీ తాగనీ."

"అలాగే అన్నయ్యా."

టీ అయ్యాక మళ్లీ అడిగాడు. తాడు పేనుతున్నాను, ఉండమన్నాను. ఉన్నాడు. కునుకు తీస్తానన్నాను. తియ్యమన్నాడు. నా సొంత తమ్ముడు పడవ పంపకాల్లో తెడ్డుతో నా తల పగలగొట్టాడు. ఇంత బుద్ధిమంతుడు మా వంశంలో పుట్టలేదు.

ఊళ్లో షుగరుండి ఒడ్డాణం కట్టుకున్నవాళ్లందరూ ఇదే పని చేశారట. మగవాళ్లు తమ్ముళ్లనీ అల్లుళ్లనీ పెట్టుకున్నారు, అత్తగార్లు కోడళ్లని పెట్టుకున్నారు. తన మాట వినేవాళ్లని కాకుండా తనకి మాట చెప్పేవాళ్లని ఏ తెలివైనవాడు తెచ్చి నడుముకి కట్టుకుంటాడు? ఊరు ఊరంతా షుగరు మూడొందలకి చేరిందని మృదుల గారు తల పట్టుకున్నారు.

ఒక్క మా పక్కింటి చినతల్లి మాత్రం ఆడపడుచుని పెట్టుకుంది. మొగుడు పోయాక ఆవిడ అసలు ఆడపడుచు రాకపోకలు మానేసింది. పోట్లాడటానికి మనిషి లేక నోరు చప్పబడిపోయిందని చినతల్లి బాధ. ఇప్పుడు ఆ బాధ లేదు. మా రెండిళ్ల మధ్య ఉన్నది పల్చటి రేకు కాబట్టి మాకూ లోటు లేదు.

"వొదినా, పులుసులో అంత బెల్లమేసినావు, నాను సూడనేదనుకున్నావేటి?"

"నా పులుసు, నా బెల్లం. నోర్ముయ్యే!"

"మా అన్నున్నప్పుడూ నువ్వింతే."

ఒడ్డాణాలు ఒకదాని లెక్క ఒకదానికి తెలిసేలా ఆసుపత్రి వాళ్లు కట్టిపెట్టారు. ఒంటరివాళ్లు ఒకరినొకరు కనిపెట్టుకుంటారని వాళ్ల ఆశ. తమ్ముడు వరసా కోడలు వరసా పరాయి ఇంటి సంగతిలో తలదూర్చవు, అది మర్యాద కాదు. ఆడపడుచుకి అలాంటి మొహమాటాలు లేవు.

"వొదినా, పక్కింటాయన షుగరు సూసినావా? మూడొందలు దాటిపోనాది! పెళ్లాం ఇంట్లో నేకపోతే మొగోళ్లింతే!"

రేకు మీద గట్టిగా కొట్టాను. ఊరుకోలేదు.

నమోదు 5

తమ్ముణ్ణి తీయించేశాను. నోరు పిడచకట్టుకుపోతోంది, కాళ్లు తిమ్మిరి. మృదుల గారు "ఇది మీకు తమ్ముడా, నౌకరా?" అని అడిగారు. పెద్దవాళ్ల వరసైతే మాట వింటానేమోనని అత్తగారిని పెట్టారు.

అత్తగారు వచ్చిన రోజే నాకు అర్థమైపోయింది, ఈ యంత్రం తయారుచేసినవాళ్లకి షుగరు సంగతి తెలుసో లేదో గాని అత్తగార్ల సంగతి క్షుణ్ణంగా తెలుసు.

"అల్లుడుగోరూ, ఒకే ఒక్క బూరితో లేచీడమేటండీ? మా అమ్మాయి ఇంటే నన్నేటంటాది? ఇంకోటి ఏసుకోండి. దానికి సరిపడా మందు నానేస్తాను కదా."

నేను వేసుకున్నాను. ఆవిడ మందు వేసింది. అబద్ధమెందుకు, షుగరు అంకె బాగానే ఉంది. కానీ ఆ మందుకి సరిపడా ఇంకో బూరె, ఆ బూరెకి సరిపడా మందు. నా అసలు అత్తగారు, ఆవిడ ఆత్మకి శాంతి కలగాలి, పెళ్లైన కొత్తలో నాకు గంజి పోసి "సముద్రపోడికి ఇదే ఎక్కువ" అంది. అప్పటి బాకీ అంతా ఇప్పుడు తీరిపోయింది. ఒడ్డాణం కొక్కెం రెండు గళ్లు అవతలికి జరిగింది. మెట్లెక్కితే ఆయాసం.

వారానికోసారి రేవు పాకలో ఊరి రేడియో మోగుతుంది. నావల మీద ఉన్నవాళ్లతో అందరూ అందరి ముందూ మాట్లాడాలి. నా వంతు వచ్చింది.

"ఎలాగున్నావు?" అంది రత్నం.

"బాగున్నాను."

"గొంతేటి, అలా బొండుగొంతయిపోనాది?"

"గాలి."

అవతల ఎవరో కుర్రాడు "సరంగు గారూ, లంగరు దించీమంటారా?" అని అడిగాడు. "దించండి" అంది. ఆవిణ్ణి గారూ అని పిలవడం నేను అదే మొదటిసారి వినడం. ఇంటికి వచ్చే దారంతా నాలో నేనే సరంగు గారూ, సరంగు గారూ అనుకున్నాను. గర్వంగానే ఉంది. ఇంట్లోకి వచ్చి తలుపు వేసుకున్నాక దిగులేసింది.

నమోదు 8

వరసల పట్టిక అంతా చదివించుకుని విన్నాను. మేనమామ, పెదనాన్న, తోడల్లుడు. ఎవరిని చూసినా ఏదో పాత తగువు గుర్తొస్తోంది. చివరగా వియ్యంకుడు అన్నారు.

మాకు పిల్లలు లేరు. పిల్ల నిచ్చిందీ లేదు, తెచ్చుకున్నదీ లేదు. వియ్యంకుడితో పక్కపక్కన కుర్చీలేసుకుని, కాలు మీద కాలేసుకుని, ఈసారి చేపలెలా పడ్డాయండీ అని మాట్లాడుకునే యోగం నాకు లేదు. మా ఊళ్లో గంగులుకి ఉంది, పోతురాజుకి ఉంది, తాగుబోతు సూరిగాడికి కూడా ఇద్దరున్నారు. ఆ ముచ్చట ఒడ్డాణంతో తీర్చుకుంటే తప్పేమిటి? పెట్టమన్నాను.

"నమస్కారం బావగారూ" అంది ఒడ్డాణం. గొంతు కూడా కండువా వేసుకున్నట్టుంది.

"నమస్కారం, నమస్కారం. దయచెయ్యండి" అన్నాను. ఎక్కడికి దయచేస్తుంది, నా నడుం మీదే ఉంది. అయినా అనాలి.

నమోదు 10

గోడా, ఇది పెద్ద అక్షరాలతో రాసుకో. నేను బాగుపడ్డాను.

వియ్యంకుడి ముందు ఆబగా తింటామా? "బావగారూ, ఎన్ని తీసుకుంటారు?" అంటే "రెండు చాలండీ" అంటాను. "మరి మందు వెయ్యమంటారా?" అంటే "తప్పకుండా" అంటాను. ఇంకాసేపుండమని వియ్యంకుణ్ణి ఎలా నిలబెడతాం? పొద్దున్నే గడ్డం గీసుకుంటున్నాను. బనీనుతో తిరగడం మానేశాను. ఇళ్ల మధ్య తాళ్ల గట్టు మీద ఆ చివరి నుంచి ఈ చివరికి నడుస్తున్నాను. ఆయన మా వలస తాళ్లు మెచ్చుకుంటాడు, నేను ఆయన లెక్కలు మెచ్చుకుంటాను. షుగరు నూట ఇరవై.

మృదుల గారు నా అంకెలు ఆసుపత్రి గోడ మీద పెట్టించారు. ఊళ్లో మగవాళ్లంతా వెళ్లి వియ్యంకుణ్ణి అడుగుతున్నారు. చినతల్లి ఒడ్డాణం మాత్రం "ఎన్నాళ్లో సూద్దాం వొదినా, ఈ టెక్కు" అంటోంది. కుళ్లు.

నమోదు 13

పడిపోయాను. మొదటిది అయింది. ఇంక ఒక్కటే మిగిలింది.

ఏం జరిగిందో చెబుతాను. నిన్న తాళ్ల పండగ. ఏడాదికోసారి పాత తాళ్లన్నీ విప్పి కొత్తవి కడతాం, తరవాత ఊరంతా ఒకే బల్ల చుట్టూ కూర్చుని పెసరట్లు తింటాం. దిగిపోయిన మేస్త్రీని కదా, ఊరుకోలేక పొద్దుటి నుంచీ నేనూ తాడు లాగాను. ఆకలి దంచేస్తోంది. బల్ల దగ్గర కూర్చోగానే బావగారు మెల్లగా అడిగారు.

"ఎన్ని తీసుకుంటారు బావగారూ?"

"ఈవేళ నాలుగండీ. బాగా లాగాను."

"అయితే నాలుగింటికి వేస్తున్నాను."

"సరే."

సూది దిగింది. మొదటి అట్టు తిన్నాను. అప్పుడు మృదుల గారు లేచి నన్ను చూపించి "మితంగా తినడం అంటే ఏమిటో సన్యాసిరావు గారిని చూసి నేర్చుకోండి" అన్నారు. బల్ల బల్లంతా నా పళ్లెం వైపు చూసింది. సరిగ్గా అప్పుడే రెండో అట్టు వచ్చింది. నేను ఏం చేశాను? పళ్లెం మీద చెయ్యి అడ్డం పెట్టి "చాలమ్మా, చాలు" అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. నాలుగు అట్లకి మందేసుకుని ఒక్క అట్టుతో లేచిన మహానుభావుణ్ణి నేను.

కాసేపటికి చెమటలు పట్టాయి. బావగారు గొంతు సవరించుకున్నారు.

"బావగారూ, మీరేమీ అనుకోనంటే ఒక చిన్న మాట."

"చెప్పండి."

"అబ్బే, మీరు పెద్దలతో మాట్లాడుతున్నట్టున్నారు. తరవాత మనవి చేసుకుంటాను."

"పరవాలేదు, చెప్పండి."

"మరేం లేదు, షుగరు కొద్దిగా... డెబ్బై... మీరు కానివ్వండి."

నాకు కాళ్లలో వణుకు మొదలైంది. మొదలైందని వియ్యంకుడికి చెబుతామా? "ఏం పరవాలేదు బావగారూ, కులాసాగానే ఉన్నాను" అన్నాను. "సంతోషం" అన్నారాయన. ఇంతకు ముందు ఒడ్డాణాలు ఇలాంటప్పుడు సైరన్లా కూసేవి. గంగులు కొడుకు పెళ్లిలో, పీటల మీద పెళ్లికొడుకు నడుం కూసిందని ఊరంతా సంతకాలు పెట్టి ఆ కూత తీయించేశాం. మొదటి సంతకం నాది. నలుగురిలో ఉంటే మెల్లగా చెప్పాలని ఏర్పాటు.

"బావగారూ, యాభై ఐదు. అన్యథా భావించకండి."

"ఎంత మాట."

తరవాత నాకు బల్ల కనబడలేదు. మనుషుల మాటలు ఎక్కడి నుంచో వినబడుతున్నాయి. నోరు తెరిచి బెల్లం అడగాలని తెలుసు. అడగడానికి సిగ్గేసింది. గోడా, చచ్చిపోతున్నానని తెలిసి కూడా సిగ్గేసింది, ఇది మాత్రం దిద్దకుండా రాసుకో.

అప్పుడు బల్ల అవతలి నుంచి గావుకేక.

"ఒలమ్మో! వొదినా, తిండి ఒగ్గీసి సూడే! పక్కింటాయన పోతన్నాడు! నలబై రెండు! ఆ వియ్యంకుడు సచ్చినోడు ఏటీ సెప్పడు, ఈయన ఏటీ అడగడు! బేగి బెల్లం ఎట్టు నోట్లో, బేగి!"

చినతల్లి బల్ల మీద నుంచే దూకిందట. నా దవడ పట్టుకుని, బెల్లం నలిపి బుగ్గ లోపల రాసింది. కళ్లు తెరిచేసరికి ఆవిడ చేతి వేళ్లు నా నోట్లో ఉన్నాయి, ఊరంతా నా చుట్టూ ఉంది, నా నడుం మీద బావగారు "ఇప్పుడెలా ఉంది బావగారూ?" అని పరామర్శిస్తున్నారు.

నమోదు 14

రేడియోలో రత్నానికి నేను చెప్పకూడదనుకున్నాను. నేను నోరు తెరిచేలోపే వెనక నుంచి చినతల్లి ఒడ్డాణం మొత్తం చెప్పేసింది, నేను ఒక్క అట్టుతో లేచిన భాగంతో సహా.



"వొచ్చీమంటావేటి?" అంది రత్నం.

వచ్చెయ్యి అందామనుకున్నాను. పాక నిండా జనం. "అబ్బే, ఏటీ నేదు, బాగానే ఉన్నాను" అన్నాను.

"నీ బాగు నాకు తెలీదేటి? ఇంకోసారి పడితే ఆళ్లు నన్ను పిలిపించక్కర్నేదు. నానే దిగిపోతాను."

దిగిపోతానని ఆవిడ మామూలుగా అనలేదు. నాకు తెలుస్తుంది కదా.

ఆసుపత్రికి వెళ్లాను. మృదుల గారు నా మొహంలోకి చూడలేక బల్ల మీద చూస్తున్నారు. చప్పట్లు మొదలుపెట్టింది ఆవిడే పాపం. "ఆడపడుచు వరస మంచిదేమో" అన్నారు. మగవాడికి ఆడపడుచు ఎక్కడి నుంచి వస్తుందమ్మా అన్నాను. అక్క వరసా, నాన్న వరసా వినిపించారు. అక్క దగ్గర అబద్ధమాడతాను, నాన్న దగ్గర ఒళ్లు దాచుకుంటాను. ఎవరి ముందు ఏ వేషం వెయ్యాలో నాకు పుట్టినప్పటి నుంచీ వచ్చు. వేషం లేకుండా ఎవరి ముందు ఉన్నానో అదే గుర్తు రాలేదు.

"పట్టిక అయిపోయిందా?" అన్నాను.

"అడుగున ఇంకోటి ఉంది. ఎవరూ పెట్టుకోరు. వరస లేదు అని."

బయట క్యూలో నిలబడ్డవాళ్లు చెవులు రిక్కించారు. మా ఊళ్లో వరస లేకుండా మాట్లాడటమంటే మొహాన ఉమ్మేసినట్టే. పన్ను వసూలుకి వచ్చినవాణ్ణి కూడా కూర్చోబెట్టి ముందు బావనో మావనో చేసుకుంటాం, ఆ తరవాతే ఎగ్గొడతాం.

"అదే పెట్టండి" అన్నాను.

పెట్టారు. ఇంటికి వచ్చి అన్నం వడ్డించుకుంటుంటే పలికింది. పిలవడానికి దానికి వరస లేదు, పేరు పెట్టి పిలిచే చనువు లేదు. అలాంటప్పుడు మనిషిని ఏమని పిలవాలో తయారుచేసినవాళ్లు ఏదో ఒకటి పెట్టి ఉంటారు కదా.

"ఇదిగో" అంది. "సూది. సరేనా?"

గరిటె కింద పెట్టేశాను. గొంతు రత్నానిది కాదు. ఎవరిదీ కాదు. అయినా నా చెయ్యి దానంతటదే చొక్కా అంచు పట్టుకుని పైకెత్తింది. ఒడ్డాణానికి చొక్కాతో పనే లేదు.

నమోదు 17

ఇది కబుర్లు చెప్పదు. మెచ్చుకోదు, బతిమాలదు, బూరెలు తినమనదు. ఉన్న అంకె చెబుతుంది, చెయ్యాల్సింది చెబుతుంది, ఊరుకుంటుంది. దాని ముందు గడ్డం గీసుకోనక్కర్లేదు. నిన్న రెండు అట్లు ఎక్కువ తిని, తిన్నానని చెప్పేశాను. "సరే, ఇంకొంచెం మందు" అంది. అంతే. అబద్ధమాడే అవసరమే రాలేదు.

ఇవాళ మధ్యాహ్నం సంగతి చెప్పాలి. చెప్పాలా వద్దా అని చాలాసేపు నీ వైపు చూస్తూ కూర్చున్నాను గోడా.

పోటు మీద మా గట్టు తాడు ఒకటి బిగుసుకుపోయింది. పిలిస్తే ఎవరో ఒకరు వచ్చేవాళ్లు. పిలవలేదు. నేనే దాని మీద పడి లాగాను. ఇంట్లోకి వచ్చేసరికి ఒళ్లు చల్లబడింది, వేళ్లు వణుకుతున్నాయి. చినతల్లి ఊళ్లో లేదు, కొండవైపు సంతకెళ్లింది.

"ఇదిగో. అరవై మూడు. బెల్లం తిను."

బెల్లం డబ్బా మోకాలి పక్కనే ఉంది. మూత తీశాను. ముక్క చేతిలోకి తీసుకున్నాను. తీసుకుని ఆగిపోయాను.

తినకపోతే పడిపోతాను. పడిపోతే రెండోది. రెండోదైతే రత్నం వచ్చేస్తుంది. ఎవరూ నన్ను తప్పు పట్టరు. పాపం, ముసలాడు పడిపోయాడంటారు. తలుపు తోసుకుని వస్తుంది, సొక్కా ఎత్తు అంటుంది. ఆవిడ లేని ఈ ఇల్లు నాకు బాగాలేదు. ఇన్నాళ్లూ బాగానే ఉందని రేడియోలో, ఆసుపత్రిలో, నీతో కూడా చెప్పాను. బాగాలేదు. పొయ్యి దగ్గర ఆవిడ పీట చూస్తే ఏడుపొస్తుంది.

"ఇదిగో. యాభై ఏడు. బెల్లం తిను."

తమ్ముడైతే ఈపాటికి ఏడుస్తూ ఉండేవాడు. అత్తగారు ఒట్టు పెట్టేది. బావగారు తప్పుకుని దారిచ్చేవారు. వాళ్లలో ఎవరు అడిగినా నేను అందుకు తగ్గ నాటకం ఒకటి ఆడి పడిపోయేవాణ్ణి. దీని ముందు ఆడటానికి నాటకం లేదు. నేనున్నాను, బెల్లముంది, అంకె ఉంది.

ఎందుకో ఆ నావ మీద కుర్రాడు గుర్తొచ్చాడు. సరంగు గారూ, లంగరు దించీమంటారా? దించండి అంది. ఎంత తాపీగా అంది ఆ మాట! అడుగున నాచు గీకిన మనిషి. నేను ఇక్కడ పడితే అక్కడ ఆవిడ చుక్కాని వదిలేసి పడవలో కూర్చుని వస్తుంది, దారి పొడుగునా ఒక్క మాట మాట్లాడదు, వచ్చి నా సూది వేస్తుంది. బతికినంతకాలం వేస్తూనే ఉంటుంది. నన్ను ఒక్కసారి కూడా దెప్పదు. అదే నేను భరించలేనిది.

"ఇదిగో" అంది.

"తింటన్నానే, ఉండు!" అని అరిచాను. నోటి నిండా కుక్కుకున్నాను. ముక్కులోంచి నీళ్లు, కళ్లలోంచి నీళ్లు, గడ్డం మీద బెల్లం. ఎవరూ చూడలేదు.

కాసేపటికి "ఎనభై ఎనిమిది. అన్నం తిను" అంది. శభాష్ అనలేదు.

నమోదు 19

ఇవాళ రేడియో రోజు. పాక కిటకిటలాడుతోంది. వరస లేనివాడు ఎలా ఉన్నాడో చూద్దామని పనులు మానుకుని వచ్చినట్టున్నారు.

"ఒంట్లో ఎలాగున్నాది?" అంది రత్నం. వెనక గాలి హోరు, నావ మరో దీవికి బయల్దేరుతున్నట్టుంది.

"మొన్న షుగరు పడిపోనాది. యాభై ఏడు. బెల్లం తినీసినాను. ఇప్పుడు బాగున్నాది."

ఆవిడ ఆశ్చర్యపోయింది. పడిందని నా అంతట నేను ఎప్పుడూ చెప్పలేదు కదా.

"నిజంగా బాగున్నాదా?"

"డాక్టరమ్మనడుగు."

"మల్లీ ఎవుల్ని కట్టుకున్నావు? ఆ వియ్యంకుణ్ణేనా?"

"ఎవుల్నీ నేదు. వరస తీయించీసినాను."

"వరస నేకపోతే నిన్నేటని పిలుస్తాదది?"

ఊరంతా నా మొహంలోకి వంగింది. అరవై దాటినవాణ్ణి, నాకు చెవులు వేడెక్కాయి. నేను చెప్పేలోపే అన్నం వేళయిందని ఒడ్డాణమే నోరు తెరిచింది.

"ఇదిగో. సూది. సరేనా?"



"ఎవుర్తది?" అంది రత్నం.

"ఒడ్డాణం."

"ఒడ్డాణమైతే? నా మొగుణ్ణి ఇదిగో అనడానికి అదెవుర్తి?"

పాక పగిలిపోయేలా నవ్వారు. చినతల్లి నడుం మీద నుంచి ఆడపడుచు "ఇన్నావా వొదినా, సరంగమ్మకి సవతొచ్చింది!" అని అందుకుంది. రత్నం ఒకరి మీద కుళ్లుకోవడం పెళ్లయ్యాక నేను ఇదే మొదటిసారి వినడం. ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

నవ్వులు తగ్గాక ఆవిడ గొంతు తగ్గించింది. తగ్గించి ఏం లాభం, అందరూ వింటూనే ఉన్నారు.

"ఇదిగో. నన్నొచ్చీమంటావేటి?"

"వొద్దు" అన్నాను. "నువ్వు నేక నాకేటీ తోచడం నేదు. ఇల్లు బాగోనేదు. అయినా వొద్దు. వానలెల్లినాకే రా."

నలుగురిలో ఇలా మాట్లాడినందుకు సిగ్గేస్తుందనుకున్నాను. వెయ్యలేదు. గంగులు గోడ వైపు తిరిగి ముక్కు చీదుకున్నాడు.

"అంతదాకా అదే ఉండనీ అయితే" అంది రత్నం. "నానొచ్చినాక దాన్ని ఇప్పీసి అవతల ఎట్టాలి. సరేనా?"

"ఇదిగో. అన్నం వేళ దాటుతోంది" అంది ఒడ్డాణం. "సరేనా?"

ఇద్దరికీ కలిపి ఒకేసారి "సరే" అన్నాను. సూది దిగింది. అవతల ఎవరో "సరంగు గారూ" అని పిలిచారు, రత్నం రేడియో కట్టేసింది.